గోగునార కట్టిన డ్రిల్లు

అరసవల్లిలో ధనలక్ష్మి ఇంటి స్నానాల గదిలో గోడకు ఒక స్టీలు కడ్డీ ఉంది. ఒక చివర రెండు స్క్రూలతో గోడకు గట్టిగా బిగించి ఉంది. రెండో చివర మాత్రం ఏడాదిపాటు కిటికీ ఊచకు నైలాను తాడుతో కట్టి వేలాడింది. అత్తగారు కూర్మమ్మకు మోకాళ్లు పట్టేసి, కూర్చుంటే లేవలేకపోతోందని ఆవిడ పెద్దకొడుకు, ధనలక్ష్మి మొగుడు సోములు ఆ కడ్డీ తెచ్చాడు. ఒక చివర బిగించాడు. రెండో చివర బిగించకుండానే పోయాడు.

ఆ రోజు శనివారం. సోములు పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి తన తీగ లేని డ్రిల్లింగ్ మిషను తీసుకుని స్నానాల గదిలోకి దిగాడు. రెండు రంధ్రాలు పెట్టాడు, స్క్రూలు బిగించాడు. మూడో రంధ్రం దగ్గరికి వచ్చేసరికి మిషను మూలిగి ఆగిపోయింది. ఇంకో బ్యాటరీ ఉంది కానీ, అది ముందురోజు పనిచేసిన లాడ్జిలో సంచితో సహా ఉండిపోయింది.

"ఇది నిండడానికి గంట పడతాది, ధనం. నాను బేగి ఎల్లి సంచి తెచ్చుకుంటాను. వచ్చాక రెండో సివర కొడతాను. అందాకా అమ్మని దాని మీద సెయ్యెయ్యొద్దని సెప్పు" అని, ఖాళీ బ్యాటరీని వంటింట్లో మిక్సీ పక్కనున్న ఛార్జరులో పెట్టి వెళ్లాడు.

లాడ్జి మెట్ల మీదే గుండె పట్టుకుని కూర్చుండిపోయాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. సంచిని తమ్ముడు గోపి ఇంటికి తెచ్చాడు. గోపి ఆటో నడుపుతాడు. ఆ రోజు అన్నను ఆసుపత్రికి ఎక్కించుకుని వెళ్లింది కూడా అతనే.

ఇల్లంతా జనంతో నిండిపోయాక, ఎవరో వంటింట్లో ఫ్యాను పెట్టడానికి ప్లగ్గు కావాలన్నారు. ధనలక్ష్మి వెళ్లి చూస్తే ఛార్జరు మీద పచ్చదీపం వెలుగుతోంది. బ్యాటరీ నిండింది. ఆమె దాన్ని తీసి చీర కొంగుతో పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ మిషను ఇంటికి వచ్చి నాలుగేళ్లు. అంతకుముందు సోములు దగ్గర తీగ మిషనే ఉండేది. చీపురుపల్లి దగ్గరి ఊళ్లో నార తీసే గోగు, నువ్వు పండించుకునే కుటుంబం వాళ్లది. గోగును కొనేవాళ్లు తగ్గిపోయాక సోములు విజయనగరం వెళ్లి తలుపులు, షెల్ఫులు బిగించే పని నేర్చుకున్నాడు. తర్వాత అరసవల్లి వచ్చేశాడు. అద్దాలు, కర్టెన్ రాడ్లు, టీవీ స్టాండ్లు, లాడ్జి గదుల్లో బట్టల కొక్కేలు, ఏది చెప్పినా వెళ్లేవాడు. తీగ మిషనుతో ఎక్కడ పని ఉన్నా ముందు ప్లగ్గు వెతుక్కోవాలి. దగ్గరి పనులకు ధనలక్ష్మిని కూడా వెంట తీసుకెళ్లేవాడు. ప్లగ్గు జారిపోకుండా పట్టుకుని నిలబడడం ఆమె పని. ఆవలి గదిలో నుంచి "ఉన్నావేటే?" అని కేకేసేవాడు. "ఉన్నాను మావా, నానెక్కడికి పోతాను" అని ఈమె బదులు చెప్పేది.

తీగ లేనిది వచ్చాక ఆ పని పోయింది. అయినా తీసుకెళ్లడం మానలేదు. టైలు మీద మిషను కొసనున్న సూది జారకుండా టేపు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించడం, కింద కాగితం మడిచి పట్టుకుని దుమ్ము రాలకుండా చూడడం ఆమె వంతు. ఆమె చదివింది ఐదో తరగతి వరకే. కానీ మిషను మెడ దగ్గరున్న గుండ్రటి చక్రం మీద సుత్తి బొమ్మ ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు ఉండకూడదో చూసి చూసి నేర్చుకుంది. సుత్తి మీద పెడితే సూది తిరుగుతూనే దెబ్బ కూడా కొడుతుంది. "టైలు దాటేదాకా సుత్తి పెట్టకూడదే. మెల్లగా తిప్పాలి. ఇటిక తగిలాక అప్పుడు సుత్తి" అనేవాడు. ఒకసారి వంటింట్లో గడియారం కోసం ఆమె చేతే రంధ్రం పెట్టించాడు. భయపడి చేతులు చాచి పట్టుకుంటే, "పామునేటి పట్టుకున్నావు? బుజం ఆన్చు, బుజం" అని నవ్వాడు.

పెద్ద గాలివాన వచ్చి కరెంటు స్తంభాలు పడిపోయిన ఏడు ఐదు రోజులు వీధిలో దీపం లేదు. సోములు లాడ్జి జనరేటరు దగ్గర రెండు బ్యాటరీలు మార్చి మార్చి నింపుకుంటూ వీధంతటికీ ఎగిరిపోయిన రేకులు బిగించాడు. రేకు మీద అతను, నిచ్చెన కింద స్క్రూల డబ్బా పట్టుకుని ఈమె. ఆ ఐదు రోజుల్లో అతని నోట విన్నవే ఈమెకు పాఠాలు. పనయ్యాక బ్యాటరీని మిషను నుంచి తీసెయ్యాలి, తగిలించి వదిలేస్తే ఊరికే కూర్చుని తాగేస్తుంది. వేడి మీద ఛార్జింగ్ పెట్టకూడదు. వాడినా వాడకపోయినా నెలకోసారి దానికి కరెంటు చూపించాలి.

ఇవన్నీ ధనలక్ష్మికి తెలుసు. తెలియడమే ఆమె కష్టమైపోయింది.

కూర్మమ్మ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోతే అతని పనిముట్టును ఏడాది నిండేదాకా ఎవరూ ముట్టకూడదు. పోయినవాడు ఆ ఏడాదీ వచ్చి తన పనిముట్టు చూసుకుని వెళతాడని వాళ్ల నమ్మకం. అది విడిపోయి ఉండకూడదు కూడా. గొడ్డలైతే పిడితో సహా ఉండాలి, పారైతే కర్రతో సహా. లేకపోతే తనది కాదనుకుని తిరిగి వెళ్లిపోతాడట. పసుపు రాసిన గోగునారతో చుట్టి పైన పెడతారు. ఏడాది నాడు నార కోసి, పసుపునీళ్లతో కడిగి, అన్న చేతికో, తమ్ముడి చేతికో, కొడుకు చేతికో ఇస్తారు. అతను దానితో ఒక్క దెబ్బైనా పని చెయ్యాలి. కూర్మమ్మ భర్త పోయినప్పుడు అతని గొడ్డలిని అలాగే దాచి, ఏడాది నాడు సోములు చేతికిచ్చారు.

పదకొండో రోజు అయ్యాక కూర్మమ్మ గోపిని పిలిచింది.

"ఆ నిండిన దాన్ని మిషనుకి తగిలించురా. ముక్కలు ముక్కలుగా ఎట్టకూడదు."

ధనలక్ష్మి గుమ్మం దగ్గర నిలబడి చిన్నగా అంది. "అత్తా, తగిలించి ఉంచకూడదనీవోడు మావ."

"పనికి ఎల్లీటప్పటి మాటే అది. ఇప్పుడు పనికి ఎల్తాదేటి?"

గోపి తగిలించాడు. కూర్మమ్మ ఊరి నుంచి తెప్పించిన గోగునారకు పసుపు రాసి, మిషనునూ బ్యాటరీనీ కలిపి ఏడు చుట్లు చుట్టి ముడివేసింది. దాన్ని అటక మీద పెట్టించి, వచ్చినవాళ్లందరికీ చూపించింది. "నా కొడుకు నింపి ఎల్లిపోనాడు. ఏడాది నాడు అదే తిరుగుతాది సూడండి. అప్పుడు ఆ కడ్డీ రెండో సివర దాన్తోనే కొట్టిస్తాను. అందాకా ఎవుడి సెయ్యీ పడనివ్వను."

సంచిలో ఉండిపోయిన రెండో బ్యాటరీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం కూర్మమ్మ నిద్రపోతుంటే ధనలక్ష్మి స్టూలు ఎక్కింది. బ్యాటరీ మీద చిన్న బొత్తాం ఉంటుంది. నొక్కితే ఎంత ఉందో దీపాలు చెబుతాయి. నార సందులోంచి వేలు దూర్చి నొక్కింది. నాలుగింటికి మూడే వెలిగాయి. వీధిలో గుడికి వెళ్లే ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. ఆ మూడు దీపాలు ఆరిపోయేదాకా ఆమె స్టూలు మీదే నిలబడింది.

ఆ సాయంత్రం ధైర్యం చేసి అడిగింది. "అత్తా, ఒక్కసారి నార ఇప్పి, కరెంటు సూపించి మళ్లీ కట్టేద్దుమా? ఉత్తినే అయిపోతన్నాది."

"ఎవులు సెప్పినారు నీకు? వాడు వచ్చి సెప్పినాడేటి?"

"బతికున్నప్పుడు సెప్పినాడు."

"బతికున్నప్పుడు సానా సెప్పినాడు. నీకు ముందు నాను పోనమ్మా అని కూడా సెప్పినాడు" అని కూర్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ధనలక్ష్మి సంచి విప్పింది. స్క్రూల డబ్బా, టేపు, పెన్సిలు ముక్క, సగం తాగి మడిచిన నీళ్ల ప్యాకెట్టు. అడుగున రెండో బ్యాటరీ. నొక్కితే ఒక దీపం వెలిగింది. శుక్రవారం లాడ్జి పనిలో అతను వాడగా మిగిలింది అంతే. దీనికి నార లేదు. ఛార్జరులో పెట్టింది. పచ్చదీపం వచ్చేదాకా పక్కనే కూర్చుని ఉల్లిపాయలు ఒలిచింది. నిండాక తీసి చేతిలోకి తీసుకుంటే, అతని మిగులు ఎక్కడిదాకా, తను ఎక్కించింది ఎక్కడి నుంచి అన్నది ఇక ఎవరికీ తెలియదని తట్టింది. అలా కలిపేసినందుకు ఏదో తప్పు చేసినట్టనిపించింది. అయినా మరుసటి నెల మళ్లీ పెట్టింది. ఆ పై నెలా పెట్టింది.

అటక మీదిది మాత్రం ముట్టలేదు. అత్తగారి నార ఒక కారణం. రెండో కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఏడో నెలలో కూర్మమ్మ పడిపోయింది. లేవబోయి, అలవాటుగా కడ్డీ కోసం చెయ్యి చాచింది. చేతికి అందింది తాడు కట్టిన చివర. తాడు జారింది. కుడిచేతి మణికట్టు విరిగింది. కట్టు వేయించుకుని వచ్చాక గోపికి కోపం ఆగలేదు.

"పది నిమిషాల పని వదినా. సెంటర్లో ఎవడ్నో ఒకడ్ని ఎక్కించుకొచ్చేస్తాను. ఈ ముసిల్దాని పంతానికి ఇంకో సెయ్యి కూడా ఇరగాలేటి?"

"ఇరగనీ" అంది కూర్మమ్మ మంచం మీద నుంచి. "నా కొడుకు ఎట్టిన కడ్డీ మీద ఇంకొకడు సెయ్యేస్తే నాను దాన్ని ముట్టను. పాక్కుంటూ ఎల్తాను."

"పాకు మరి. నాను కూడా సూస్తాను" అని గోపి విసురుగా వెళ్లిపోయాడు. సాయంత్రం అరటిపళ్లు పట్టుకుని మళ్లీ వచ్చాడు.

అప్పటి నుంచి ధనలక్ష్మే అత్తగారిని స్నానాల గదికి నడిపించేది. తలుపు బయట నిలబడి, లోపలి నుంచి వచ్చే ప్రతి చప్పుడూ వినేది. అన్నం తింటున్నా చెవి అటే. కడ్డీ రెండో చివర బిగిసేదాకా ఆమెకు నిమ్మళం లేదు. కానీ ఏడాది నాడు మిషను తిరగకపోతే? కూర్మమ్మ దాన్ని ఛార్జింగ్ అయిపోయిందని అనుకోదు. కొడుకు రాలేదనుకుంటుంది. ఆ కడ్డీని ఇక చచ్చినా పట్టుకోదు.

తొమ్మిదో నెలలో ఒక్క దీపమే మిగిలింది. పదకొండో నెలలో నొక్కితే ఏదీ వెలగలేదు.

గుడికి వెళ్లే దారిలో మిషన్లు బాగుచేసే మురళీమోహన్ సోములుకు తెలిసినవాడు. ధనలక్ష్మి కూరగాయలకని వెళ్లి అతని కొట్టు ముందు ఆగింది. మిషనుకి తగిలించి పదకొండు నెలలు వదిలేస్తే ఏమవుతుందని, ఎవరిదో అన్నట్టు అడిగింది.

"కొంచెం కొంచెంగా తాగేసుంటాదమ్మా. మరీ అడుగంటిపోతే ఛార్జరు కూడా ఒప్పుకోదు, ఎర్రదీపం కొట్టుకుంటాది. లోపల సెల్లులు మార్చాల." అతను ఆమె ముఖం చూసి ఆగాడు. "సోములుదేనా?"

ఆమె కూరల సంచి రెండో చేతికి మార్చుకుంది.

"మారిస్తే అదే అవుతాదా?" అంది.

"పైన పెట్టె అదే. లోపల కొత్తది."

ఇంటికి వచ్చాక ఒక ఆలోచన ఆమెను వదల్లేదు. రెండు బ్యాటరీలూ ఒకేలా ఉంటాయి. నార విప్పి, నిండినది తగిలించి, మళ్లీ చుట్టేస్తే ఎవరికీ తెలియదు. కూర్మమ్మ ఎండలో వడియాలు చూసుకుంటున్న వేళ స్టూలు ఎక్కి ముడి మీద చెయ్యి వేసింది. ఎండిన నార చిటపటలాడి పొట్టు రాలింది. రెండు చుట్లు విప్పింది. అక్కడే ఆగిపోయింది. మారిస్తే ఏడాది నాడు మిషను తిరుగుతుంది. "సూడవే, నా కొడుకు నింపిందే" అని అత్తగారు అంటుంది. ఆ రోజుతో ఆగదు, బతికినన్నాళ్లూ అంటుంది. తను తల ఊపుతూ ఉండాలి. విప్పిన చుట్లు మళ్లీ చుట్టి, ఉన్న ముడినే బిగించి దిగింది.

సంవత్సరికానికి ధనలక్ష్మి కూతురు ఉష బొబ్బిలి నుంచి వచ్చింది. కార్యం ముగిసి, బంధువుల భోజనాలయ్యాయి. అప్పుడు కూర్మమ్మ అటక మీద నుంచి మిషను దింపించింది. చిన్న గిన్నెలో పసుపునీళ్లు కలిపి ఉంచింది.

"అత్తా, ముంచకూడదు. తడిగుడ్డతో తుడుద్దుము" అంది ధనలక్ష్మి. ఈ మాటకు మాత్రం ఆవిడ ఒప్పుకుంది. తనే కత్తితో నార కోసింది. తుడిచి, గోపి చేతికిచ్చింది. అందరూ స్నానాల గది ముందు గుమిగూడారు.

గోపి బొత్తాం నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. తిప్పి చూసి, దీపాల బొత్తాం నొక్కాడు.

"ఇందులో ఏటీ నేదే అమ్మా. అయిపోనాది."

"వాడు నింపినాడు కదరా."

"నింపినాడు. ఏడాది అయిపోనాది కాదేటి."

కూర్మమ్మ గుమ్మం మీద కూర్చుంది. విరిగి అతుక్కున్న చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "రానేదు" అంది మెల్లగా. "ఒక్కసారీ రానేదు నా కొడుకు."

ధనలక్ష్మి లోపలికి వెళ్లి సంచిలోంచి రెండో బ్యాటరీ తెచ్చింది. "ఇది పెట్టు, గోపీ."

మిషను ఒక్క ఉదుటున తిరిగింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు. ఉష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూర్మమ్మ తలెత్తింది. ఆవిడ ముఖం విచ్చుకోవడం అందరూ చూశారు.

"ఇదీ వాడిదే కదే? ఆ పొద్దు సంచిలో వచ్చిందే కదా? అయితే ఇందులో ఉన్నాడన్నమాట. దీని కాడికి వచ్చినాడన్నమాట."

ధనలక్ష్మి మాట్లాడకపోతే సరిపోయేది. గోపి కూడా ఊరుకోమన్నట్టే చూశాడు.

"కాదత్తా" అంది. "నెల నెలా నానే ఎక్కించినాను."

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

"నాకు సెప్పకుండా?"

"ఊఁ."

"మరి దానికెందుకు ఎక్కించనేదు? నార ఇప్పడానికి బయమేసిందేటి?"

"బయం ఉన్నాది" అని ఆగింది ధనలక్ష్మి. "అది కాదు. అందులో మావ నింపింది ఉన్నాది. దాంట్లో నాది కలపబుద్ది కానేదు. ఉంటాదనుకున్నాను."

కూర్మమ్మ గోడ పట్టుకుని లేచింది. ఎవరి సాయమూ తీసుకోకుండా తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది.

గోపి ఏం చెయ్యాలో తెలియక గోడ వైపు తిరిగి, సోములు పెన్సిలుతో పెట్టిన గుర్తు మీద సూది ఆనించి నొక్కాడు. చక్రం సుత్తి బొమ్మ మీదే ఉంది. టైలు మీద గోరంత పెచ్చు లేచింది.

"ఆగు, ఆగు" అంది ధనలక్ష్మి. "టైలు దాటేదాకా సుత్తి పెట్టకూడదు."

"తమ్ముడి సెయ్యి ఒక్క దెబ్బ పడాలన్నారు. పడిపోనాది" అని గోపి మిషను ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు కొట్టు వదినా. నాకు ఆటో తోలడమే వచ్చు."

ఆమె టేపు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించింది. చక్రం తిప్పింది. కాగితం మడిచి పట్టుకోమని ఉషకు చెప్పింది. భుజం ఆన్చి మెల్లగా నొక్కింది. టైలు దాటాక సుత్తి పెట్టింది. ఇటుక వేడి వాసన వచ్చి, ఎర్రటి పొడి కాగితంలోకి రాలింది. రెండు రంధ్రాలు పెట్టి, వాటిలో స్క్రూలను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టి, స్క్రూలు బిగించింది. నైలాను తాడు విప్పేసి బయట పారేసింది. తిరిగి వచ్చేసరికి నేల మీద పెట్టిన పాత బ్యాటరీ లేదు. కోసిన నార కూడా లేదు.

కూర్మమ్మ తొమ్మిది రోజులు కోడలితో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, మందు ఇస్తే మింగింది. మొదటి రోజు స్నానాల గదికి కర్ర పట్టుకుని వెళ్లింది. ధనలక్ష్మి ఎప్పటిలా తలుపు బయట నిలబడి విన్నది. రెండో రోజు కర్ర గోడకు ఆనించిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆవిడ వేలికున్న రాగి ఉంగరం స్టీలుకు తగిలి మోగింది. మోగింది ఇటు తలుపు వైపు. అంటే సోములు బిగించిన చివర. ఆవిడ అక్కడే పట్టుకుంటోంది. కోడలు బిగించిన చివర దాకా చెయ్యి జరపడం లేదు. అయినా లేచి నిలబడింది. ఒంటి చేత్తో, మెల్లగా.

పదో రోజు ధనలక్ష్మి మిషను నుంచి బ్యాటరీ ఊడదీసి మిక్సీ పక్కన ఛార్జింగ్ పెట్టింది. ఈసారి ఎవరు నిద్రపోతున్నారా అని చూడలేదు. పెరట్లో గిన్నెలు తోముతుంటే వంటింటి గుమ్మం దగ్గర అత్తగారి కర్ర చప్పుడైంది. ఆవిడ చాలాసేపు అక్కడే ఉంది.

"ఒసే" అంది కూర్మమ్మ, ఇటు చూడకుండా. "పచ్చదీపం వచ్చినాది. తియ్యి. లేపోతే ఇదీ పోతాది."

ధనలక్ష్మి చేతులు తుడుచుకుని వచ్చి తీసింది. బ్యాటరీ వెచ్చగా ఉంది. ఆవిడ అప్పటికే తన గదిలోకి వెళ్లిపోయింది. మంచం కింది ట్రంకుపెట్టె తెరిచి, మూసిన చప్పుడు వినిపించింది. అందులో పాత బ్యాటరీ ఉందని, కోసిన నారనే మళ్లీ ముళ్లేసి దానికి చుట్టి ఉందని ధనలక్ష్మికి తెలుసు. మొన్న ఆవిడ చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుతూ చూసింది. దాని గురించి మాత్రం ఈమె అడగదు, ఆవిడ చెప్పదు.